ఆటకు గంట కొట్టేదెవరు?

2013 జూన్‌లో ఉత్తర కాలిఫోర్నియాలోని నవారో అనే చిన్న ఊరి దగ్గర, రెడ్‌వుడ్ చెట్ల అడవిలో, దాదాపు 300 మంది తమ సెల్‌ఫోన్లు అప్పగించేశారు. చేతి గడియారాలు కూడా విప్పి ఇచ్చారు. ఆ తర్వాత ఒక్కొక్కరూ ఒక మారుపేరు పెట్టుకున్నారు. లోపల ఉన్నన్నాళ్ళూ అసలు పేరు చెప్పకూడదు. చేసే ఉద్యోగం గురించి ఒక్క ముక్క మాట్లాడకూడదు. మందు ముట్టకూడదు. వాళ్ళెవరూ పిల్లలు కాదు, డబ్బు కట్టి మరీ వచ్చిన పెద్దవాళ్ళు.

ఆ శిబిరం పేరు క్యాంప్ గ్రౌండెడ్. మొదలుపెట్టినవాడు లెవీ ఫెలిక్స్. స్టార్టప్ కంపెనీలో ఒళ్ళు తెలియకుండా పనిచేసి, ఆసుపత్రి పాలై, ఆ ఉద్యోగం వదిలేసిన యువకుడు. బ్రెయిన్ ట్యూమర్‌తో 2017లో, 32 ఏళ్ళకే చనిపోయాడు. ఆయన ఏర్పాటు చేసిన ఆ కొద్ది రోజుల్లో పెద్దవాళ్ళు బాణాలు వేశారు, పాత టైప్‌రైటర్ల మీద ఉత్తరాలు కొట్టుకున్నారు, రాత్రిళ్ళు మంట చుట్టూ చేరి పాటలు పాడారు. అమెరికాలో పిల్లలు సెలవుల్లో వెళ్ళే సమ్మర్ క్యాంపునే పెద్దల కొలతలకు కుట్టించాడన్నమాట.

ఆడుకోవడానికి ఇన్ని కట్టుబాట్లు దేనికి? ఈ అధ్యాయమంతా ఆ ప్రశ్నకు జవాబే. సమ్మర్ క్యాంపులో గంట మోగుతుంది, అందరూ మైదానంలోకి వస్తారు. ‘ఇప్పుడు ఆడాలని ఉందా?’ అని ఎవరూ ఎవరినీ అడగరు. ఎక్కడ ఆడాలి, ఎవరితో ఆడాలి, ఎంతసేపు ఆడాలి అన్నవన్నీ ముందే తేలిపోయి ఉంటాయి. ఉద్యోగం, ఈఎంఐ, పిల్లల ట్యూషన్ల మధ్య తిరిగే మనిషికి ఆడాలన్న కోరిక పోదు. ఆ గంటే పోతుంది. దాన్ని మళ్ళీ వేలాడదీసుకోవడం ఎలాగో చూద్దాం.

క్యాంపులు ఎలా పుట్టాయి

1861 వేసవిలో, కనెక్టికట్ రాష్ట్రంలోని వాషింగ్టన్ అనే ఊళ్ళో బడి నడిపే ఫ్రెడరిక్ విలియం గన్ తన విద్యార్థులను సుమారు 40 మైళ్ళు నడిపించుకుని సముద్రపు ఒడ్డుకు తీసుకెళ్ళాడు. అప్పుడే అంతర్యుద్ధం మొదలైంది. సైనికుల్లా గుడారాల్లో పడుకోవాలని కుర్రాళ్ళకు ఒకటే సరదా. రెండు వారాలపాటు పడవలు నడిపారు, చేపలు పట్టారు. అమెరికా సమ్మర్ క్యాంపుల చరిత్రను సాధారణంగా ఇక్కడి నుంచే మొదలుపెడతారు.

1881లో ఎర్నెస్ట్ బాల్చ్ అనే యువకుడు న్యూ హ్యాంప్‌షైర్‌లో, స్క్వామ్ సరస్సులోని ఒక దీవి మీద క్యాంప్ చొకోరువా పెట్టాడు. డబ్బున్నవాళ్ళ పిల్లలు వేసవంతా హోటళ్ళలో తల్లిదండ్రుల పక్కన ఊరికే కూర్చుని గడపడం చూసి అతనికి చిరాకేసింది. అందుకే తన క్యాంపులో నౌకర్లను పెట్టలేదు. వంట, అంట్లు, పడవల బాగోగులు అన్నీ కుర్రాళ్ళవే. చేసిన పనికి కూలి ముట్టేది. ఆ డబ్బు దాచుకోవడానికి క్యాంపులోనే ఒక బ్యాంకు కూడా ఉండేది. 1885లో వైఎంసీఏ కార్యకర్త సమ్నర్ డడ్లీ ఏడుగురు కుర్రాళ్ళతో మొదలుపెట్టిన శిబిరం క్యాంప్ డడ్లీగా న్యూయార్క్ రాష్ట్రంలో ఇవాళ్టికీ నడుస్తోంది. అమెరికాలో స్థిరపడిన తెలుగు కుటుంబాల్లో సైతం చలికాలం వెళ్ళకముందే పిల్లల వేసవి క్యాంపుల రిజిస్ట్రేషన్ల హడావుడి మొదలవుతుంది.

పెద్దల క్యాంపులూ నిన్నమొన్నటివి కావు. ఆడవాళ్ళ దుస్తులు కుట్టే న్యూయార్క్ కార్మికుల సంఘం 1919లో పెన్సిల్వేనియాలోని పొకొనో కొండల్లో యూనిటీ హౌస్ అనే విడిదిని ఏర్పరచుకుంది. మిషన్ల ముందు వంగిపోయిన నడుములకు అదే సరస్సు, అదే పచ్చిక. 1921లో అవే కొండల్లో క్యాంప్ టామిమెంట్ మొదలైంది. దాన్ని నడిపింది సోషలిస్టుల రాండ్ స్కూల్. 1930లలో అక్కడి నాటకశాల బాధ్యత తీసుకున్న మ్యాక్స్ లీబ్‌మన్ వేసవి పొడుగునా వారానికో కొత్త ప్రదర్శన వేయించేవాడు. డానీ కే, ఇమోజీన్ కోకా లాంటి నటులు అక్కడే రాటుదేలారు. 1950లో అమెరికన్ టీవీలో ‘యువర్ షో ఆఫ్ షోస్’ను నడిపించింది ఆ లీబ్‌మనే. వారం తిరిగేసరికి తెర లేవాల్సిందే కాబట్టి, టామిమెంట్‌లో ఎవరికీ ఉత్సాహం వచ్చేదాకా ఆగే వీలు ఉండేది కాదు.

మన దగ్గర మోగే గంటలు

పెద్దల ఆటకు ముందే అన్నీ సిద్ధం చేసిపెట్టడంలో తెలుగునాడు ఎవరికీ తీసిపోదు. బతుకమ్మ రోజుల్లో తెలంగాణ ఆడపడుచులు తొమ్మిది రోజులు వాకిళ్ళలోకి, చెరువుగట్ల మీదికి వచ్చి ఆడతారు. అరవై దాటిన అవ్వను ‘ఈ వయసులో ఆటలేందే’ అని ఎవరూ అనరు. పెత్రమాస నాడు ఎంగిలిపూలతో మొదలు, సద్దులతో ముగింపు. తేదీ, చోటు, పువ్వులు, పాట, అడుగు అన్నీ ఖాయం. పోయి చేరడమే మిగిలిన పని.

కార్తీక వనభోజనాలదీ ఇదే తీరు. ఉసిరిచెట్టు నీడ, సామూహిక భోజనం అన్నది ఆచారం. దాని చుట్టూ అపార్ట్‌మెంట్ సంఘాలు, ఆఫీసులు, కుల సంఘాలు తంబోలా, అంత్యాక్షరి, కుర్చీలాట, తాడులాగుడు చేర్చుకున్నాయి. ఏడాదంతా లిఫ్టులో తల పంకించడం తప్ప పలకరింపు లేని మూడో అంతస్తు పెద్దాయన ఆ రోజు నిమ్మకాయ చెంచా నోట కరుచుకుని పరుగెత్తుతాడు. మరుసటి సోమవారం మళ్ళీ తల పంకింపే. ఏడాదికి ఒక్కసారే మోగే గంటతో వచ్చే చిక్కు ఇదే.

గంట మోగితే జనం రావడానికి సిద్ధమేనని హైదరాబాద్ ట్యాంక్‌బండ్ చూపించింది. 2021లో ఆదివారం సాయంత్రాలు అక్కడ వాహనాలు ఆపేసి ‘సన్‌డే ఫన్‌డే’ మొదలుపెట్టగానే కుటుంబాలకు కుటుంబాలు దిగిపోయాయి. ఆ రోడ్డు అంతకుముందూ ఉంది, ఆ సాగరమూ ఉంది. వారంలో ఫలానా రోజు, ఫలానా వేళ అన్న మాట ఒక్కటే కొత్తగా వచ్చింది.

ఇంకో ఉదాహరణ ముంబయిది. 1995 మార్చి 13న డాక్టర్ మదన్ కటారియా ఒక పార్కులో ఐదుగురితో నవ్వుల క్లబ్బు ప్రారంభించారు. మొదట్లో రోజుకొకరు జోకు చెప్పడం, మిగతావాళ్ళు నవ్వడం. కొద్ది రోజులకే మంచి జోకులు ఖర్చయిపోయాయి. ఒకరిని నొప్పించేవి, ముతకవి మిగిలాయి. అప్పుడు ఆయన జోకులు పూర్తిగా మానేయించి, చప్పట్లతో, శ్వాస వ్యాయామంతో ఊరికే నవ్వమన్నారు. ఉత్తుత్తి నవ్వు కాసేపటికి ఒకరి నుంచి ఒకరికి అంటుకుని నిజం నవ్వయింది. నవ్వుపై పరిశోధన చేసిన అమెరికన్ శాస్త్రవేత్త రాబర్ట్ ప్రొవైన్ లెక్క ప్రకారం మనిషి ఒంటరిగా ఉన్నప్పటికంటే నలుగురిలో ఉన్నప్పుడు 30 రెట్లు ఎక్కువగా నవ్వుతాడు. అంటే నవ్వుకు కావలసిన మొదటి సరంజామా జోకు కాదు, పక్కన మనిషి.

మొదటి ఏర్పాటు: వేళ, బాధ్యుడు

‘ఎప్పుడైనా కలుద్దాం’ అన్న మాటతో ఏ జట్టూ కలవదు. వారంలో ఒక రోజు, ఒక గంట, ఒక చోటు నిర్ణయించాలి. ఆదివారం పొద్దున ఆరున్నరకు మేడ మీద అనుకుంటే అది ఎండాకాలంలోనూ పనికొస్తుంది. మే నెల సాయంత్రం ఐదింటికి పెట్టుకుంటే రెండో వారానికే జట్టు చెదిరిపోతుంది. నిడివి ముప్పావుగంట చాలు. ఇంకాసేపు ఆడితే బాగుండనిపించినప్పుడే ఆపడం మేలు.

వేళ ఖాయమయ్యాక దానికో బాధ్యుడు కావాలి. క్యాంపులో ఈ పని కౌన్సెలర్‌ది. ఇక్కడ నెలకొకరు తీసుకోవచ్చు. బాధ్యుడి పని మూడే: ముందు రోజు గుర్తుచేయడం, ఆట ఏదో తేల్చడం, ఇద్దరే వచ్చినా మొదలుపెట్టడం. మూడోది అన్నిటికంటే ముఖ్యం. పది మంది వచ్చేదాకా ఆగే జట్టు పది నిమిషాల్లో ఫోన్లు తీస్తుంది, ఆ తర్వాత పది మంది వచ్చినా ప్రయోజనం ఉండదు.

రెండో ఏర్పాటు: గడప బయట వదిలేవి

మొదట ఫోను. 2014లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం లాస్ ఏంజెలిస్ శాఖకు చెందిన యాల్డా ఉల్స్ బృందం ఒక అధ్యయనం ప్రచురించింది. ఆరో తరగతి పిల్లలు 51 మంది ఐదు రోజులు ఫోనూ టీవీ లేని ప్రకృతి శిబిరంలో ఉన్నారు. అలాంటి శిబిరానికి వెళ్ళని మరో 54 మందితో వాళ్ళను పోల్చారు. ముఖాల ఫొటోలు, మాటలు వినిపించని వీడియోలు చూపించి అందులోని మనుషుల భావం ఏమిటో చెప్పమంటే, శిబిరం నుంచి వచ్చినవాళ్ళు ముందుకంటే బాగా గుర్తుపట్టారు. ఆ మెరుగుదల రెండో గుంపులో అంతగా లేదు. పిల్లల మీద జరిగిన ఆ అధ్యయనం పెద్దలకు యథాతథంగా వర్తిస్తుందని చెప్పలేం కానీ, ముప్పావుగంట ఎదుటివాడి ముఖం చూస్తూ గడపడంలో నష్టమేమీ లేదు. మేడ మెట్ల దగ్గర ఒక బుట్ట పెడితే సరిపోతుంది. ఆసుపత్రి డ్యూటీలో ఉన్నవాళ్ళు, ఇంట్లో రోగి ఉన్నవాళ్ళు ఫోను రింగు పెద్దది చేసి అదే బుట్టలో వేయవచ్చు.

రెండోది హోదా. క్యాంప్ గ్రౌండెడ్‌లో మారుపేరు పెట్టింది ఇందుకే. ‘మేనేజర్ గారు’ తొండి చేస్తే అడగడానికి నోరు రాదు. అదే ‘గోలీ సోడా’ తొండి చేస్తే పదిమందీ లేస్తారు. మారుపేర్లకు రెండు హద్దులు ఉండాలి. ఎవరి పేరు వాళ్ళే పెట్టుకోవాలి. ఒంటి రంగు, బరువు, ఊరు, యాస మీద పేర్లు వద్దు. తెలుగు ఇళ్ళలో పెద్దవాళ్ళను పేరుతో పిలవడం కొందరికి నోట రాదు. అలాంటప్పుడు బాబాయ్, పిన్ని, అన్న, అక్క చాలు. వరసలు మర్యాద కాపాడతాయి, పదవిని పక్కన పెడతాయి.

జట్లు విడదీయడానికి పాతకాలం ‘పంటలు’ వేయడాన్ని మించిన పద్ధతి లేదు. చేతులు కలిపి ఊపి అరచేయి పైకో కిందికో తిప్పితే, వేరుగా పడినవాడు పండినట్టు. నాయకులు నిలబడి ఒక్కొక్కరినే ఎంచుకుంటే చివరికి మిగిలే మనిషికి అవమానం. పంటల్లో ఆ బాధ లేదు. వాచ్‌మన్‌నీ సాఫ్ట్‌వేర్ ఇంజినీరునూ ఒకే జట్టులో వేసేది అదృష్టమే కాబట్టి ఎవరూ నొచ్చుకోరు.

మూడో ఏర్పాటు: పనీ పంచుకోవాలి

వనభోజనాల ఫొటోల్లో ఒక సంగతి తరచూ కనిపిస్తుంది. మగవాళ్ళు పేకాటలో ఉంటారు, ఆడవాళ్ళు పులిహోర గిన్నెల దగ్గర ఉంటారు. ఇంటి వంటగది తోటలోకి మారింది తప్ప వాళ్ళకు ఆ రోజు సెలవు రాలేదు. సగం మందికి చాకిరీగా మారినదాన్ని మిగతా సగం ఆట అనుకోవడం కుదరదు.

చొకోరువా క్యాంపు నౌకర్లను పెట్టకపోవడంలోని తెలివి ఇక్కడ ఉపయోగపడుతుంది. ఇప్పటికీ చాలా సమ్మర్ క్యాంపుల్లో గోడ మీద పనుల చక్రం ఒకటి తగిలిస్తారు. బయటి వలయంలో పనులు, లోపలి వలయంలో పేర్లు. రోజుకో గడి తిప్పితే ఇవాళ్టి అంట్లు ఎవరివో తేలిపోతుంది. వాదన ఉండదు. అట్టముక్క, గుండుసూది ఉంటే ఇంట్లోనూ చేసుకోవచ్చు: కూరలు తరగడం, అంట్లు, బట్టలు మడతపెట్టడం, మొక్కలకు నీళ్ళు, చెత్త. ఇంటిల్లిపాది పేర్లూ అందులో ఉండాలి, ఇంటి యజమానితో సహా. పావుగంట గడువు పెట్టి పాటలు మోగిస్తూ అందరూ ఒకేసారి దిగితే ఆ పావుగంటలోనూ అల్లరికి చోటు దొరుకుతుంది. వనభోజనాలకైతే వంట కేటరింగ్‌కు ఇవ్వడమో, మగవాళ్ళ జట్టు ఒకపూట వంట తీసుకోవడమో ముందే రాసిపెట్టుకోవాలి.

నాలుగో ఏర్పాటు: లెక్కకు దూరం

పెద్దల చేతిలో పడ్డ ప్రతి సరదాకూ రెండో నెలలో ఒక లెక్క పుడుతుంది. నడక అడుగుల సంఖ్య అవుతుంది, ఈత క్యాలరీలు అవుతుంది, బొమ్మలు గీయడం రీల్స్‌కు వచ్చిన లైకులు అవుతుంది. డ్యూక్ విశ్వవిద్యాలయానికి చెందిన జోర్డన్ ఎట్కిన్ 2016లో దీని మీద వరుస ప్రయోగాలు ప్రచురించారు. రంగులు నింపేవాళ్ళకు ఎన్ని బొమ్మలు నింపారో లెక్క చూపిస్తూ పోతే, నడిచేవాళ్ళకు ఎన్ని అడుగులు వేశారో చూపిస్తూ పోతే, వాళ్ళు ఎక్కువే నింపారు, ఎక్కువే నడిచారు. కానీ ఆ పనిలో దొరికే ఆనందం తగ్గింది. సరదాగా చేసేది పనిలా అనిపించింది.

డాక్టరు నడవమన్న నడకకు లెక్క ఉండాల్సిందే. దాన్నలా ఉంచి, వారంలో ఒక్క వ్యాపకానికైనా కొలత లేకుండా చూసుకోవాలి. చేతకానిదైతే మరీ మంచిది. క్యాంపులో ఎనిమిదేళ్ళ పిల్ల మట్టికుండ వంకరగా వచ్చినా అమ్మకు చూపించడానికి దాచుకుంటుంది. నలభై ఏళ్ళ మనిషి వంకర కుండ చూసి, ‘నాకిది రాదు’ అని లేచిపోతాడు. రోజంతా ఆఫీసులో నేర్పరిగా ఉండాల్సినవాళ్ళకు, రాని పనిని రానట్టుగానే కాసేపు చేసే చోటు ఒకటి కావాలి. మృదంగమో, కర్రసామో, స్కేటింగో, ఏదైనా సరే. ఫొటో తీయకూడదు, స్టేటస్ పెట్టకూడదు అన్న రెండు షరతులు చాలు.

పోటీ ఉండకూడదని కాదు. చాలా అమెరికన్ క్యాంపుల్లో సీజను చివర్లో అందరినీ రెండు రంగుల జట్లుగా విడగొట్టి పోటీలు పెడతారు. పరుగు నుంచి పాటదాకా అన్నీ అందులో ఉంటాయి. పిల్లలు గొంతు పోయేలా అరుస్తారు. బస్సెక్కేసరికి రంగులు కలిసిపోతాయి. పెద్దల పందెమూ అలాగే ఆ పూటతో తీరాలి. వచ్చే వారం జట్లు మారాలి, పాత స్కోరు ఎవరూ రాసుకోకూడదు.

ఐదో ఏర్పాటు: పాట

మంట చుట్టూ చేరి పాడటం క్యాంపులో అలంకారం కోసం పెట్టింది కాదు. ఆక్స్‌ఫర్డ్‌కు చెందిన ఐలునెడ్ పియర్స్, జాక్ లోనే, రాబిన్ డన్‌బార్ 2015లో ఒక అధ్యయనం ప్రచురించారు. బ్రిటన్‌లో పెద్దల కోసం నడిచే తరగతులను ఏడు నెలలపాటు గమనించారు. కొన్ని తరగతుల్లో పాట, కొన్నిట్లో చేతిపనులు, కొన్నిట్లో రచన. ఏడో నెల వచ్చేసరికి అన్ని తరగతుల్లోనూ మనుషులు ఒకరికొకరు దగ్గరయ్యారు. తేడా మొదట్లోనే వచ్చింది. పాడినవాళ్ళు మిగతావాళ్ళకంటే త్వరగా దగ్గరయ్యారు. ఒకరి గురించి ఒకరికి వివరాలు తెలియకముందే ఆ దగ్గరితనం వచ్చింది.

ముక్కూమొహం తెలియని పదిమందిని ఒక జట్టుగా చేయాలంటే పరిచయ ప్రసంగాలకంటే ముందు పాట పెట్టాలని దీన్నిబట్టి అర్థమవుతుంది. ‘మీ పేరు, మీ కంపెనీ’ అనగానే పదవులు వచ్చి కూర్చుంటాయి. అంత్యాక్షరి మొదలైతే ఘంటసాల కాలం వాళ్ళూ, నిన్న వచ్చిన సినిమా పాటలు పాడేవాళ్ళూ ఒకే వలయంలో చిక్కుకుంటారు. గొంతు బాగున్న ఒక్కరే పాడి మిగతావాళ్ళు వింటే అది కచేరీ. అందరూ పాడేలా ఉండాలంటే చరణం జోలికి పోకుండా పల్లవితో ఆపేయాలి, కరోకే మైకు వద్దు.

ఎవరి ఆట వాళ్ళది

అందరూ ఒకే రకంగా ఆడరు. జర్మనీలోని హాలె విశ్వవిద్యాలయంలో పనిచేసే రెనె ప్రోయర్ పెద్దల్లోని ఆటతనాన్ని నాలుగు పాయలుగా విడదీశారు. కొందరు నలుగురిని ఆటపట్టిస్తూ, నవ్విస్తూ ఆడతారు. కొందరు దేన్నీ బరువుగా తీసుకోకుండా, వచ్చింది వచ్చినట్టు చేసుకుపోతారు. కొందరికి ఆలోచనలతో ఆట: పొడుపుకథలు, పజిళ్ళు, మాటల విరుపులు. ఇంకొందరు వింతవాటి మీద మోజుపడతారు, పాత నాణేలో, తిక్క సినిమాలో, ఎవరూ ఎక్కని బస్సు రూట్లో. మేడ మీద ఏడు పెంకులాటకు రానన్నంత మాత్రాన ఎవరినీ సరదా లేని మనిషి అనుకోనక్కర్లేదు. అతనికి పులి–మేక బల్ల ముందు పెడితే గంట గడిచినా లేవకపోవచ్చు.

ఆటతనం పుట్టుకతో రావాల్సిందేనా? ప్రోయర్ బృందం 2020లో ప్రచురించిన ప్రయోగంలో 533 మంది పాల్గొన్నారు. వాళ్ళను విడగొట్టి వారం రోజులపాటు ఒక్కో గుంపుకు ఒక్కో చిన్న అభ్యాసం ఇచ్చారు. ఒక గుంపు రోజూ పడుకోబోయే ముందు ఆ రోజు తాము సరదాగా ప్రవర్తించిన సందర్భాలు రాసుకోవాలి. ఇంకో గుంపు తమలోని ఆటతనాన్ని రోజూ ఒక కొత్త చోట వాడాలి. మరో గుంపు అలాంటి క్షణాలు ఎదురైనప్పుడల్లా గుర్తించి లెక్కపెట్టుకోవాలి. వీటికి సంబంధం లేని పని చేసిన గుంపుతో పోలిస్తే ఈ అభ్యాసాలు చేసినవాళ్ళలో ఆటతనం పెరిగింది, కొంతకాలంపాటు మనసు తేలికపడింది. ఒక్క వారంతో మనిషి మారిపోతాడని ఎవరూ అనలేదు కానీ ఈ గుణం కదలనిదేం కాదని తేలింది.

దీనికి జట్టు అక్కర్లేదు, మేడ అక్కర్లేదు. దిండు దగ్గర చిన్న నోటు పుస్తకం ఉంటే చాలు. ‘కూరగాయలాయనతో బేరం పాటగా పాడాను’, ‘మీటింగులో బాసు బొమ్మ గీశాను, చించేశాను’, ‘మెట్లు ఒకటి విడిచి ఒకటి ఎక్కాను’. ఇలా మూడు ముక్కలు రాస్తే సరి. మొదటి రెండు రాత్రులు రాయడానికి ఏమీ ఉండదు. మూడో రోజు పగలే, రాత్రికి రాసుకోవడానికి పనికొస్తుందని ఏదో ఒకటి చేయబుద్ధవుతుంది.

మొదటి నెల ఇలా

మొదటి ఆదివారం కూర్చుని ఆడే ఆటతో మొదలుపెట్టడం మంచిది. అష్టాచెమ్మాకు సుద్దముక్కతో గీసిన 25 గళ్ళు, నాలుగు గవ్వలు చాలు. గవ్వలు లేకపోతే సగానికి చీల్చిన చింతపిక్కలు. మోకాళ్ళ నొప్పులున్న పెద్దలు ఇందులో కుర్రాళ్ళను సులువుగా ఓడిస్తారు, ఆ గెలుపు వాళ్ళను రెండో వారానికి రప్పిస్తుంది. రెండో ఆదివారం పొడుపుకథలు, పల్లవుల అంత్యాక్షరి. మూడోవారం ఏడు పెంకులాట. మెత్తటి బంతి వాడాలి, ముందు ఐదు నిమిషాలు ఒళ్ళు సాగదీయాలి, ఎన్నో ఏళ్ళుగా పరుగెత్తనివాళ్ళు పెంకులు పేర్చే పని తీసుకోవాలి. నాలుగోవారం ఒక్కొక్కరూ తమ చిన్ననాటి ఆట ఒకటి మిగతావాళ్ళకు నేర్పాలి. శ్రీకాకుళం మనిషీ ఆదిలాబాద్ మనిషీ ఒకే అపార్ట్‌మెంటులో ఉంటే ఒకే ఆటకు రెండు రకాల నిబంధనలు బయటపడతాయి, ఆ వాదులాటే సగం సరదా.

ఆఫీసులో ఇదే పెట్టాలనుకునేవాళ్ళు ఒక జాగ్రత్త పాటించాలి. హాజరు తీసుకునే సరదా ఎవరికీ రుచించదు. శనివారం సెలవు తినేసే ‘టీమ్ బిల్డింగ్’ కంటే పనివేళల్లోనే ఇచ్చిన అరగంట నయం. బాసు రావాలి, కానీ గంట కొట్టే పని బాసు చేతిలో ఉండకూడదు.

రానంటున్నవాళ్ళను ఏం చేయాలి? కొత్తగా ఇల్లు మారి వచ్చినవాళ్ళు, బిడియస్తులు, భర్త పోయాక బయటికి రావడం మానేసిన పెద్దావిడ, అమెరికా నుంచి తాతయ్య దగ్గరికి నెల రోజులకు వచ్చిన తెలుగు సరిగా రాని మనవడు, ఇలాంటివాళ్ళు ప్రతి చోటా ఉంటారు. బలవంతం చేస్తే మళ్ళీ ఆ మేడ ఎక్కరు. వదిలేస్తే కిటికీలోంచి చూస్తూ ఉండిపోతారు. తెలుగు పిల్లలు దీనికి ఎప్పుడో దారి కనిపెట్టారు: ఆటలో అరటిపండు. చిన్నవాడు అందరితోపాటు పరుగెత్తుతాడు, తన వంతు వస్తే బంతి విసురుతాడు, కానీ ఔట్ కాడు, వాడి వల్ల జట్టు ఓడిపోదు. పెద్దల జట్టులోనూ కొత్తగా వచ్చిన ప్రతి ఒక్కరికీ మొదటి రెండు వారాలు ఈ హక్కు ఇవ్వాలి. అడగకుండానే ఇవ్వాలి. రెండు వారాలయ్యాక ‘ఇక నేనూ ఔటవుతా’ అని వాళ్ళే అంటే పంటల్లో కలుపుకోవాలి. అననివాళ్ళకు ఆ హక్కు ఎన్నాళ్ళు కావాలంటే అన్నాళ్ళు కొనసాగించాలి, స్కోరు చెప్పే పనో, తొండి పట్టే పనో అప్పగించాలి.